బడి కమిటీ మెంబర్ అయ్యారా? సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

మా ఊళ్ళో నాకో జిరాక్స్ షాపుంది. ఊరంటే కర్నూలు జిల్లా పడమటి వైపు, పేరెందుకులెండి. పిల్లోడు మూడో తరగతిలో ఉండగా నన్ను బడి కమిటీలో వేశారు. వేశారు అనే అంటున్నా, ఎందుకంటే ఎన్నిక జరిగిందని నాకే తర్వాత తెలిసింది. ఆర్నెల్లలో మూడుసార్లు రిజిస్టర్ నేరుగా షాపుకే వచ్చింది, గిరాకీ మధ్యలో పెన్ను తీసుకుని గీకేశా. మూడోసారి ఎందుకో చూస్తే సంతకాల పైన పేజీ అంతా తెల్లగా ఉంది. "ఇదేంది అక్కా, ఏం రాయలేదే" అని తెచ్చిన ఆయమ్మని అడిగితే "సారు తర్వాత రాసుకుంటాడంట లేప్పా" అంది. రోజంతా జనాల అప్లికేషన్లు, దస్తావేజులు చేతిలో పట్టుకుని తిరిగేవాణ్ణి, ఖాళీ కాగితం మీద సంతకం అంటే ఏంటో నాకు తెలీదా? తెలుసు. అయినా పెట్టా. తర్వాత ఏడాదిన్నర కూర్చుని నేర్చుకున్నదే ఇప్పుడు రాస్తున్నా, మీరు ఆ ఆర్నెల్లు వేస్ట్ చేసుకోకుండా.

ముందు ఈ కమిటీ ఏంటో చెప్తా. విద్యా హక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 21వ సెక్షన్ చూడండి. ప్రతి సర్కారు బడికి ఒక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, మెంబర్లలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళుండాలి, బలహీన వర్గాల ఇళ్ళ నుంచి కూడా వాళ్ళ పిల్లల లెక్క ప్రకారం మెంబర్లుండాలి. కమిటీ పనేంటంటే బడి ఎట్లా నడుస్తోందో చూడాలి, బడికి డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాలి, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూడాలి. సర్కారు ఇచ్చినా, పంచాయతీ ఇచ్చినా, ఎవరో దాత ఇచ్చినా లెక్క కమిటీ ముందుకి రావాల్సిందే. కాబట్టి లెక్క అడిగితే హెచ్ఎం గారు మొహం మాడ్చుకున్నా మీరేం గిల్టీ ఫీలవ్వక్కర్లేదు.

ఇదంతా మెంబర్లకే తెలీదు, అదీ అసలు జబ్బు. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో ఇట్లాంటి ఊరి విద్యా కమిటీల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తల టీం సర్వే చేస్తే నూటికి తొంభై మందికి పైగా తల్లిదండ్రులకి కమిటీ ఉందన్న సంగతే తెలీదట, ఇంకా విచిత్రం ఏంటంటే కమిటీలో ఉన్నవాళ్ళలోనే కొంతమందికి తాము మెంబర్లమని తెలీదు. చదివి నవ్వుకున్నా, తర్వాత నా కథ గుర్తొచ్చి నోరు మూసుకున్నా.

సరే, ఎన్నిక దగ్గర మొదలెడదాం. మన ఆంధ్రలో పద్ధతి ప్రకారం తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు, ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, కాలం రెండేళ్ళు. హెచ్ఎం గారు మెంబర్ కన్వీనర్‌గా ఉంటారు. మీటింగ్‌కి తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే ఎన్నిక చెల్లదు, ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మా ఊళ్ళో పదిమంది వచ్చారు, ఒక పెద్దాయన "అందరం ఏకగ్రీవం చేసుకుందాం, గొడవలొద్దు" అన్నాడు, అయిపోయింది. ఏకగ్రీవం చెడ్డదని కాదు, కానీ పాలేరు పని చేసే ఇంటి తల్లి ఆ గుంపులో నిలబడి నేను పోటీ చేస్తా అనలేదు కదా, అందుకని నోటీసు ముందు రోజే ఎస్సీ కాలనీలో, బోయగేరిలో, తండా ఉంటే తండాలో మీరే వెళ్ళి చెప్పండి. వాట్సాప్ గ్రూప్‌లో పెడితే చాలదు. ఫోన్ మొగుడి దగ్గర ఉంటుంది, మొగుడు బెంగళూరులో ఉంటాడు.

ఆడ మెంబర్ల విషయంలో ఇంకో తంతు ఉంది. పేరు ఆమెది, మీటింగ్‌కి వచ్చేది వాళ్ళాయన. మొదట్లో మేమూ ఊరుకున్నాం. తర్వాత ఒక అక్క స్వయంగా వచ్చిన మీటింగ్‌లో అడిగిన ఒక్క ప్రశ్నకి మా మగాళ్ళందరి నోళ్ళు పడిపోయాయి, అది కింద చెప్తా. రావాలంటే మాత్రం టైం మార్చాలి. పొద్దున 11 గంటలకి మీటింగ్ పెడితే కూలికెళ్ళే ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకుని రావాలి, ఎవరొస్తారు? మేం సాయంత్రం 5కి మార్చమని తీర్మానం చేశాం. టీచర్లకి బస్సు పోతుందని కొంచెం గొణిగారు, నెలకి ఒక్క రోజే కదా అని సర్దుకున్నారు. నెలకి ఒకసారైనా కూర్చోవాలి, మినిట్స్ రాయాలి, అవి ఎవరడిగినా చూసేలా ఉండాలి అని కేంద్రం 2010లో ఇచ్చిన మోడల్ రూల్స్‌లోనే ఉంది.

ఎన్నికయ్యాక మొదటి వారం ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి, బడి చూడండి. ఒక నోట్‌బుక్ పట్టుకుని ప్రార్థన టైంకి వెళ్ళి ఒక గంట తిరగండి. హాజరు రిజిస్టర్‌లో మొత్తం ఎంతమంది, ఈ రోజు ఎంతమంది వచ్చారు, శాంక్షన్ పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్ళెంతమంది, గదులెన్ని, కురుస్తున్నవెన్ని, ఇట్లా రాసుకోండి. యూడైస్ అంటే దేశంలో బళ్ళన్నిటి వివరాలు ఉండే సర్కారు లెక్క, దాంట్లో ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఒకటి ఉంటుంది, ఆంధ్రలో 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. అది పెట్టి యూడైస్ ప్లస్ సైట్‌లో చూస్తే మన బడి గురించి ఢిల్లీకి ఏం చెప్పారో కనిపిస్తుంది. మా బడిలో ఆడపిల్లలకి వాడుకలో ఉన్న టాయిలెట్ ఉంది అని అందులో రాసుంది. ఉంది, నిజమే. తలుపుంది, టైల్స్ వేసున్నాయి, బయట బొమ్మ కూడా వేశారు.

ఆ అక్క అడిగిన ప్రశ్న ఇదే: "తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరుందంటే ఆఫీసు బీరువాలో ఉంది. ఇన్స్పెక్షన్ వచ్చినప్పుడు తీస్తారు, మిగతా రోజులు వేసి ఉంటుంది, ఎందుకంటే లోపల కుళాయికి నీళ్ళు రావు, వాడితే కంపు, కడిగే ఆయాకి జీతం నెలల తరబడి రాలేదు. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తిని ఇంటికెళ్ళిపోతున్నారు, మేం వాళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదనుకుంటున్నాం. కాబట్టి టాయిలెట్ ఉందా అని అడక్కండి. తాళం తీసి ఉందా, బకెట్, మగ్గు ఉన్నాయా, కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా, లోపలి నుంచి గడియ పడుతుందా, ఈ నాలుగూ మీ చేత్తో తిప్పి చూడండి. చట్టం షెడ్యూల్‌లో ఆడపిల్లలకి, మగపిల్లలకి విడివిడిగా టాయిలెట్లు, తాగే నీళ్ళు, ప్రహరీ, ఆటస్థలం, నడవలేని పిల్లలు కూడా రాగలిగేలా దారి, అన్నీ ఉన్నాయి. షెడ్యూల్ ఒక్కటే రెండు పేజీలు, ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. నా షాపుకొస్తే ఫ్రీగా తీసిస్తా.

ఇక డబ్బు. సమగ్ర శిక్ష అని బళ్ళ కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం ఉంది, దాని కింద ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ అని ఒకటుంది, పిల్లల సంఖ్యని బట్టి. 31 నుంచి 100 మంది దాకా ఉంటే 25,000, 250 దాకా 50,000, 1000 దాకా 75,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు, శుభ్రత అన్నీ దీంట్లోనే. ఇప్పుడు చాలా వరకు డబ్బు బడి ఖాతాలో కూర్చుని ఉండదు, లిమిట్ అని ఇస్తారు, అంటే ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని, ఆ లిమిట్ మార్చి 31 లోపు వాడకపోతే పోయినట్టే, పైగా అది చాలాసార్లు ఏడాది చివర్లోనే వస్తుంది. దానివల్ల మార్చిలో హడావిడిగా ఏదో ఒకటి కొనేస్తారు. మీరు డిసెంబర్‌లోనే కూర్చుని ఏం కావాలో వరసగా రాసిపెట్టుకుంటే మార్చిలో పనికిరాని గ్లోబు కొనే బదులు మోటారు రిపేర్ అవుతుంది. డెవలప్‌మెంట్ ప్లాన్ కూడా ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే రాయాలనేది రూల్, అంటే అదీ డిసెంబరే. ఆంధ్రలో పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం 15,000లో 2,000 బడి, టాయిలెట్ల నిర్వహణకని పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు కదా, ఆ 2,000 మన పిల్లల పేరు మీద పట్టుకున్నదే. మన బడికి దాంట్లో ఎంతొచ్చింది, ఎప్పుడొచ్చింది అని అడగడం మెంబర్‌గా మీ పని.

అడిగి ఊరుకోవద్దు, గోడ మీద రాయించండి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఉగాండాది. అక్కడ బళ్ళకి పిల్లవాడికి ఇంత అని సర్కారు డబ్బు పంపేది. 1991 నుంచి 1995 దాకా లెక్క తీస్తే సగటున నూటికి 13 మాత్రమే బడి దాకా చేరింది, మిగతాదంతా మధ్యలో జిల్లా స్థాయిలోనే ఆగిపోయింది. తర్వాత ఏ జిల్లాకి ఎంత పంపారో పేపర్లో వేయడం, బళ్ళలో నోటీసు అంటించడం మొదలుపెట్టారు, 2001కి వచ్చేసరికి నూటికి 80 దాటి చేరింది. పేపర్లో వేయడం ఒక్కటే కారణం కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఉండనీండి. మా ఊళ్ళో మాత్రం 400 రూపాయల పెయింట్‌తో ప్రహరీ లోపలి వైపు "ఈ ఏడాది వచ్చింది ఇంత, దేనికి ఖర్చయింది" అని నాలుగు లైన్లు రాయించిన దగ్గర్నుంచి టీ కొట్టు దగ్గర మాటలు మారాయి. ఇంకో సంగతి, ఆ గోడ హెచ్ఎం గారికే ఎక్కువ పనికొచ్చింది. అంతకుముందు లక్షలు తింటున్నాడని ఊరంతా అనేది, 25,000 అని రాసి ఉంటే ఇంక ఏమంటారు.

మధ్యాహ్న భోజనం సంగతికొస్తే, చాలామంది మెంబర్లు ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు, వంటామెతో గొడవ పడి. ఆ పని చేయకండి. లెక్క సింపుల్, ప్రైమరీ పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది తరగతులైతే బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర. 60 మంది వచ్చిన రోజు ఆరు కిలోల బియ్యం ఉడకాలి. నెలకోసారి చెప్పకుండా వెళ్ళి హాజరు, బియ్యం తూకం, పిల్లల పంక్తి, మూడూ పోల్చి చూసుకుని మీరూ కింద కూర్చుని తినండి. పప్పు నీళ్ళలా ఉంటే మాత్రం మొదట వంటామెని "బిల్లు ఎన్ని నెలల నుంచి రాలేదమ్మా" అని అడగండి. మా ఆమె అప్పుడు మూడు నెలల బిల్లు రాక కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతోంది, చేతి గాజులు తాకట్టులో ఉన్నాయి, మనమేమో ఆమె మీద పడి అరుస్తాం. మేం బిల్లు గురించే తీర్మానం రాసి పంపాం, పప్పు దానంతటదే చిక్కబడింది. భోజనం పెట్టని రోజుకి పిల్లలకి ఫుడ్ సెక్యూరిటీ అలవెన్స్ ఇవ్వాలని, వరసగా మూడు రోజులు లేదా నెలలో ఐదు రోజులు పెట్టకపోతే బాధ్యులెవరో తేల్చాలని మధ్యాహ్న భోజనం మీద కేంద్రం 2015లో ఇచ్చిన రూల్స్‌లో ఉంది, ఇది ఆఫీసుల్లో బాగా పనికొచ్చే ముక్క.

ఇప్పుడు అసలు విషయం, కాగితం. నోటితో చెప్పింది ఏదీ కదలదు, "చూద్దాం" అంటారు, చూస్తారు, అంతే. నేను మొదట్లో ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి గారిని రెండుసార్లు దారిలో ఆపి టీచర్ల గురించి చెప్పా, ఆయన ఎంతో మర్యాదగా తల ఊపారు. మాకు 68 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, అందులో ఒక మేడంని పక్క ఊరికి డెప్యుటేషన్ వేశారు, ఉన్న ఒక్క సారు ఐదు తరగతులు చెప్తూ, పైన ఫోన్ పట్టుకుని గుడ్డు ఫొటో, టాయిలెట్ ఫొటో, హాజరు ఫొటో యాప్‌లో ఎక్కిస్తూ ఉండేవాడు. ఆయన్ని తిట్టి ఏం లాభం? చివరికి మీటింగ్ పెట్టి ఇట్లా రాశాం, మీరూ అంకెలు మార్చి వాడుకోండి:

"తీర్మానం 4. మా పాఠశాలలో 1 నుండి 5 తరగతులలో 68 మంది విద్యార్థులు ఉన్నారు. విద్యా హక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం 61 నుండి 90 మంది విద్యార్థులకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. ఉన్న ఇద్దరిలో ఒకరు డెప్యుటేషన్‌పై వేరే పాఠశాలలో పనిచేస్తున్నందున ఐదు తరగతులకు ఒక్కరే బోధిస్తున్నారు. కావున సదరు డెప్యుటేషన్ వెంటనే రద్దు చేయాలని, మూడవ ఉపాధ్యాయుని కేటాయించాలని మండల విద్యాశాఖాధికారి గారిని కోరుతూ, ప్రతిని జిల్లా విద్యాశాఖాధికారి గారికి పంపాలని కమిటీ తీర్మానించినది."

కింద సంతకాలు, వేలిముద్రలు, తేదీ. చూశారా, ఎవరినీ తిట్టలేదు, ఉన్నది, ఉండాల్సింది, కావాల్సింది, అంతే. తీర్మానం రాసిన వెంటనే అక్కడే అందరికీ చదివి వినిపించి, చివరి లైన్ కింద అడ్డగీత కొట్టి, ఆ గీత కిందే సంతకాలు పెట్టించండి, తర్వాత ఎవరూ ఇంకేదీ ఇరికించలేరు. పేజీకి ఫోన్లో ఫొటో తీసి గ్రూప్‌లో పడేయండి. రెండు కాపీలు తీసుకుని మండల ఆఫీసుకెళ్ళి ఒకటి ఇచ్చి రెండోదాని మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. సీలు లేని కాపీ చిత్తు కాగితం. "ఇప్పుడు సీలు లేదు, రేపు రా" అంటే రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు పిన్ కొట్టుకోండి. చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు పెట్టుకోవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి అంటారు, అక్కడ కూడా ఇదే సీలు కాపీ జత చేయండి, నంబర్ ఇస్తారు, దాచుకోండి.

మా మేడం ఏడు వారాలకి తిరిగొచ్చింది. మూడో పోస్టు మాత్రం ఇప్పటికీ రాలేదు, పక్కాగా చెప్తున్నా, అన్నీ అవుతాయని ఆశ పెట్టను.

కాగితానికి జవాబు రాకపోతే సమాచార హక్కు ఉంది. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. "ఫలానా తేదీన ఇచ్చిన మా అర్జీ మీద తీసుకున్న చర్యల నోట్ ఫైల్ కాపీ ఇవ్వండి", "మా బడికి రెండేళ్ళలో విడుదలైన గ్రాంట్ల వివరాలు, ఓచర్ల కాపీలు ఇవ్వండి" ఇట్లా కాగితం అడగాలి. గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఒక్క సలహా, మీ బడి హెచ్ఎం మీద నేరుగా ఇది వేయకండి, ముందు రిజిస్టర్ చూపించమని అడగండి. రోజూ మొహాలు చూసుకోవాల్సిన వాళ్ళు, పిల్లలు ఆయన దగ్గరే ఉంటారు.

బడిలో ఉన్న పిల్లల సంగతి ఇది. బడిలో లేనివాళ్ళ సంగతి కమిటీకి అసలు గుర్తే రాదు, ఎందుకంటే వాళ్ళ తల్లిదండ్రులు మెంబర్లు కారు కదా. మా వైపు సుగ్గి అంటాం, పంటలు అయిపోయాక ఊరికి ఊరు గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి, పత్తికి పోతుంది, ఇంటికి తాళం వేసి పిల్లల్ని కూడా లారీ ఎక్కిస్తారు. రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. ఒక ఏడాది మా బడిలో జనవరిలో నాలుగో తరగతి గదిలోకి వెళ్తే 14 మంది ఉండాల్సిన చోట ఐదుగురున్నారు, మిగతా చాపలు మడిచి మూలన పెట్టారు. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ అని ఉంది, ఊళ్ళోనే పిల్లలకి రాత్రి ఉండటానికి, తిండికి. కానీ లారీ కదిలాక అడిగితే ఏం లాభం. దసరా నాటికే ఇంటింటికీ తిరిగి ఎవరు పోతారు, పిల్లని అవ్వ దగ్గర వదిలే వీలుందా, హాస్టల్‌కి ఎంతమంది వస్తారు అని లిస్టు రాసి తీర్మానంతో పంపాలి. లిస్టు మాస్టార్ల చేత రాయించొద్దు, పోయే ఇంటివాళ్ళనే వెంటబెట్టుకుని రాయండి, ఎవరి దగ్గర అప్పు తీసుకుని పోతున్నారో, ఎన్నాళ్ళకొస్తారో వాళ్ళకే తెలుసు.

ఈ ఇంటింటి పని మనకి కొత్తదేం కాదు. శాంతా సిన్హా గారు, ఆమె నడిపిన ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేసింది ఇదే, బడి బయట ఉన్న ప్రతి పిల్లనీ బాల కార్మికురాలిగానే లెక్కపెట్టి, క్యాంపులు పెట్టి చదువు పట్టించి వయసుకి తగ్గ తరగతిలో చేర్పించారు. ఆమెకి 2003లో మెగసెసే అవార్డ్ వచ్చింది. అదే ఇప్పుడు చట్టంలో 4వ సెక్షన్‌గా ఉంది, పదేళ్ళ పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు, వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలి.

చేర్చుకునే దగ్గర గేటు వేసేస్తే ఏం చేయాలో కూడా చెప్తా. బర్త్ సర్టిఫికెట్ లేదని చేర్చుకోకపోవడం కుదరదు, 14వ సెక్షన్. ఆధార్ లేదని అడ్మిషన్ ఆపడం కుదరదు, 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. టీసీ లేదని ఆపడం కుదరదు, 5వ సెక్షన్. ఈ మూడోది ఎక్కువగా ప్రైవేటు బడి నుంచి వచ్చేవాళ్ళకి తగులుతుంది. మా షాపుకి ఒకాయన వచ్చాడు, ఆటో డ్రైవరు, ఫీజు బాకీ ఉందని టౌన్‌లో ప్రైవేటు బడివాళ్ళు టీసీ ఇవ్వట్లేదు, ఆన్‌లైన్‌లో కూడా పిల్లాడి పేరు వదలట్లేదు, పాత బడివాళ్ళు పేరు వదిలి ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్ అనే లిస్టులో పడితేనే మేం లాక్కోగలం అంటున్నాడు మన హెచ్ఎం. పిల్లాడు రెండు నెలల్నుంచి ఇంట్లో. మేం చేసింది ఏంటంటే, ముందు పిల్లాణ్ణి క్లాసులో కూర్చోబెట్టించాం, అన్నం తిననిచ్చాం, హెచ్ఎం చేత "ఫలానా తేదీ నుంచి పాఠశాలకు వస్తున్నాడు" అని రాయించాం, తర్వాత ఆ కాగితం పట్టుకుని మండల రిసోర్స్ సెంటర్‌కి వెళ్ళి ఆన్‌లైన్ పేరు వాళ్ళ వైపు నుంచి కదిలించమన్నాం. పది రోజులు పట్టింది. ఆన్‌లైన్ తర్వాతైనా అవుతుంది, ముందు పిల్లాడు గదిలో ఉండాలి.

చదువు వస్తోందా లేదా అనేది మెంబర్లు చూడరు, "అది సార్ల పని, మాకేం తెలుసు" అంటారు. మీకు చదవడం వస్తే చాలు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 2005 నుంచి, పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడేది ఒకే కాగితం, దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. సాయంత్రం అరుగు మీద ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కర్నే కూర్చోబెట్టి కథ చదివించండి, రాకపోతే పేరా, రాకపోతే పదాలు. గుంపులో చదివించకండి, పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. పేర్లు రాయకండి, ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగారో మాత్రం రాసి మీటింగ్‌లో పెట్టండి. మేం పెట్టిన రోజు సారు మొదట నొచ్చుకున్నాడు, తర్వాత "రోజూ గంట సేపు తరగతులు పక్కన పెట్టి చదివే స్థాయిని బట్టి కూర్చోబెడతా" అని తనే అన్నాడు.

తెలంగాణ వాళ్ళకి ఒక మాట. అక్కడ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాల వాళ్ళతో వేశారు, రిపేర్ పనులు వాళ్ళ చేతుల మీదుగా జరిగాయి. మీ ఊళ్ళో సంఘం అధ్యక్షురాలు ఎవరో కనుక్కుని ఆమెని మీ వైపు పెట్టుకోండి, పొదుపు సంఘం నడిపినామెకి రిజిస్టర్ చదవడం మనకంటే బాగా వచ్చు.

ఇంకో మాట, హైదరాబాద్‌లో, అమెరికాలో సెటిలైన మన ఊరివాళ్ళకి. మీరు పంపాలనుకోవడం చాలా మంచిది, కానీ కమిటీ తీర్మానం అడగకుండా పంపొద్దు. మా బడికి ఒకాయన నాలుగు కంప్యూటర్లు ఇచ్చాడు, ఇన్వర్టర్ లేదు, కరెంటు పగలు ఉండదు, ఇప్పటికీ కవర్లు కూడా తీయలేదు. అదే డబ్బుతో ఆయాకి రెండేళ్ళ జీతం ఇచ్చుంటే టాయిలెట్ తెరిచి ఉండేది, కానీ ఆయా జీతం ముందు నిలబడి ఫొటో దిగలేం కదా.

చివరగా ఫైల్. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనండి, 30 రూపాయలు. తీర్మానాల జిరాక్సులు, సీలు కాపీలు, పోస్ట్ రసీదులు, సోమవారం అర్జీ నంబర్లు, సుగ్గికి పోయే ఇళ్ళ లిస్టు, యూడైస్ పేజీ ప్రింటు, చట్టం షెడ్యూల్, అన్నీ తేదీ వరసన పెట్టండి. రెండేళ్ళకి కమిటీ మారుతుంది, ఎంఈఓ మారతాడు, హెచ్ఎం బదిలీ అవుతాడు, రిజిస్టర్ "పాతది ఎక్కడుందో చూడాలి" అయిపోతుంది. నా ఫోల్డర్ పోయిన నెల కొత్త మెంబర్‌కి ఇచ్చేశా, ఐదో పేజీలో మూడో టీచర్ అర్జీ ఇంకా పెండింగ్ అని పెన్సిల్‌తో రాసి ఇచ్చా.